ఏడవని పిల్లలకూ నొప్పి ఉంటుంది: పిల్లల వార్డులు నడిపేవారికి ఒక బహిరంగ లేఖ

పిల్లల వార్డుల్లో పనిచేసే డాక్టర్లకు, సిస్టర్లకు, ఆ వార్డులు ఎలా నడవాలో నిర్ణయించే యాజమాన్యాలకు నమస్కారం.

నేను డాక్టర్ని కాదు. మా పాపకు ఏడేళ్ళ వయసులో బ్లడ్ క్యాన్సర్ అని తేలింది, ఆ తర్వాత చాలాకాలం మాకు ఇల్లూ వాకిలీ అన్నీ పిల్లల వార్డే అయింది. పాప ఇప్పుడు బాగుంది, బడికి వెళ్తోంది. మీలాంటివాళ్ళ రుణం తీర్చుకోగలిగేది కాదని నాకు తెలుసు. అయినా ఒక్క విషయం మాత్రం అప్పుడూ మింగుడుపడలేదు, ఇప్పుడూ పడటం లేదు. అదే రాస్తున్నాను.

జబ్బుకి ఒక ప్లాన్ ఉంటుంది. ఏ వారం ఏ కీమో, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నింటికి మొదలుపెట్టాలి, ఆ రోజు రక్తపరీక్షలో ఏ కౌంట్ ఎంత ఉండాలి, అన్నీ రాసి ఉంటాయి, కాస్త ఆలస్యమైతే ఎవరో ఒకరు వచ్చి ఎందుకని అడుగుతారు. నొప్పికి మాత్రం కేస్ షీట్‌లో ఎక్కడో కింద ఒక మందు పేరు, దాని పక్కన ఎస్ఓఎస్ అని మూడక్షరాలు ఉంటాయి, అంటే అవసరమైతే ఇవ్వండి అని. ఆ అవసరాన్ని తేల్చేదెవరు? పిల్ల ఏడవాలి, తల్లో తండ్రో లేచి సిస్టర్‌ని వెతుక్కుంటూ వెళ్ళాలి, సిస్టర్ చేతిలో పని ముగించుకుని డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేయాలి, ఆయన ఇంకో వార్డులో ఉంటే రావాలి, వచ్చి చూడాలి, రాయాలి, మందు బీరువాలోంచి బయటికి రావాలి, అది లోపలికి వెళ్ళి పనిచేయాలి. ఈలోగా పిల్ల ఏడ్చి ఏడ్చి ఒళ్ళు తెలియకుండా నిద్రలోకి జారిపోతుంది, మందు తీసుకొచ్చిన వాళ్ళు చూసి "పడుకుందిగా, ఇక ఎందుకులే" అని వెనక్కి పట్టుకుపోతారు. ఇందులో ఏ ఒక్కరూ చెడ్డవాళ్ళు కారు. అందరూ తమ పని తాము చేసినా సరే నొప్పి అలాగే మిగిలిపోయేలా ఆ పద్ధతి ఉంది, నా బాధ అంతా దాని గురించే.

ఏడ్చే పిల్లల సంగతి ఇదైతే, ఏడవని వాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. ఒకసారి కీమో తర్వాత పాపకు నోటినిండా పుళ్ళు వచ్చాయి, పెదవి లోపల నుంచి గొంతు దాకా. గోడ వైపు తిరిగి పడుకుంది. చేతిలో ఫోన్లో కార్టూన్ నడుస్తోంది కానీ కళ్ళు దాని మీద లేవు. ఉమ్మి మింగలేక చెంప కింద తువ్వాలు మీదకి వదిలేస్తోంది, ఆ తువ్వాలు తడిసి ముద్దయిపోయింది. దుప్పటి ఎత్తి చూస్తే కాలివేళ్ళు గట్టిగా ముడుచుకుని ఉన్నాయి. అప్పుడు వచ్చిన సిస్టర్ నిజంగా ప్రేమగానే "చూడండమ్మా, ఎంత బుద్ధిగా ఉందో" అంది. రౌండ్స్‌లో పెద్ద డాక్టరుగారు వంగి "నొప్పి ఉందా తల్లీ?" అని అడిగితే పాప లేదని తల ఊపింది. షీట్‌లో నొప్పి లేదని రాసుకుని ముందుకెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక ఎందుకలా చెప్పావమ్మా అని అడిగితే, నోరు కదపలేక కదపలేక ఒక్క మాట అంది, "ఉందంటే సూది వేస్తారు."

పిల్లల నొప్పి గురించి పనిచేసే వాళ్ళందరికీ ఇది తెలిసిన విషయమే. సూది వస్తుందనో, ఇంటికి పంపరనో, అమ్మ ఏడుస్తుందనో పిల్లలు నొప్పి దాచిపెడతారు. రోజుల తరబడి నొప్పి ఉన్న పిల్లలైతే ఏడవడం మానేసి, ఆడటం మానేసి, కదలకుండా పడుకుంటారు, ఎందుకంటే కదిలితే ఇంకా నొప్పి. బయట నుంచి చూసేవాళ్ళకి అది ప్రశాంతంగా ఉన్నట్టు కనపడుతుంది. అందుకే మిమ్మల్ని మొదటగా అడిగేది ఇది: జ్వరం, నాడి, బీపీ చూసిన ప్రతిసారీ నొప్పి కూడా కొలిచి రాయండి, మందు ఇచ్చాక మళ్ళీ వచ్చి కొలవండి, నరంలోకి ఇస్తే అరగంట లోపల, నోటితో ఇస్తే గంటకి. రెండోసారి కొలవడం నేను చూసినంతలో జరగదు. అది జరగకపోతే మందు పనిచేసిందో లేదో ఎవరికీ తెలియదు.

కొలవడానికి సాధనాలు లేక కాదు. మాట రాని పసివాళ్ళకి, రెండు నెలల నుంచి ఏడేళ్ళ దాకా, ఫ్లాక్ అనే స్కేలు 1997 నుంచీ ఉంది: ముఖం, కాళ్ళు, కదలిక, ఏడుపు, ఊరుకోబెడితే ఊరుకుంటోందా లేదా, ఈ ఐదింటికీ 0 నుంచి 2 దాకా, మొత్తం 10కి. కాస్త మాటలు వచ్చిన వాళ్ళకి ఆరు ముఖాల బొమ్మలు చూపిస్తే చాలు, నీ నొప్పి ఏ ముఖంలా ఉందో వేలు పెట్టి చూపించమంటే చూపిస్తారు. ఎనిమిదేళ్ళు దాటిన వాళ్ళు చాలామంది సున్నా నుంచి పది వరకు అంకె చెప్పగలరు. బుద్ధిమాంద్యం వల్లో, సెరిబ్రల్ పాల్సీ వల్లో మాట్లాడలేని పిల్లలకి అదే ఫ్లాక్‌ని సవరించి, తల్లిదండ్రులు చెప్పే గుర్తులు రాసుకోవడానికి చోటు కూడా పెట్టారు. మా పాప విషయంలో అక్కడ కాలివేళ్ళు అని రాస్తే సరిపోయేది. అడ్మిషన్ రోజు మమ్మల్ని సవాలక్ష ప్రశ్నలు అడుగుతారు, వాటిలో ఇదొకటి కలపండి: మీ బిడ్డకి నొప్పి వస్తే మీకెలా తెలుస్తుంది?

పిల్లలతో కూడా ముందే చెప్పాలి, నొప్పి ఉందని చెప్తే దానికి సూది వేయం, నోట్లో మందు ఇస్తాం లేదా నరంలో ఇప్పటికే పెట్టి ఉన్న గొట్టంలోంచే ఇస్తాం అని. చెప్పాక మాట నిలబెట్టుకోవాలి. నొప్పి మందుని కండలోకి పొడిచే ఇంజెక్షన్‌గా ఇవ్వడం పిల్లల్లో వీలైనంత వరకు మానుకోవాలని మీ వైద్యశాస్త్రమే చెబుతోంది. నొప్పి తగ్గాలంటే ముందు ఇంకో నొప్పి భరించమని అంటే ఏ పిల్ల నోరు విప్పుతుంది?

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తు చేస్తాను, మీకు తెలిసే ఉంటుంది కానీ తల్లిదండ్రులకి చాలామందికి తెలియదు. 1980ల దాకా పురిటి పసికందులకి నొప్పి తెలియదని, తెలిసినా గుర్తుండదని, మత్తుమందు ఇస్తేనే ప్రమాదమని చాలా చోట్ల నమ్మారు. 1985లో అమెరికాలో నెలలు నిండకుండా పుట్టిన జెఫ్రీ లాసన్ అనే బాబుకి గుండె దగ్గర ఆపరేషన్ చేశారు. కదలకుండా ఉండే మందు ఇచ్చారు, నొప్పి తెలియకుండా ఉండే మందు ఇవ్వలేదు. బాబు పోయాక తల్లి జిల్ లాసన్ ఆ సంగతి తెలుసుకుని, ఊరుకోకుండా అందరికీ తెలిసేలా చేసింది. 1987లో ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన తోటివాళ్ళు, నెలలు నిండని పిల్లలకి ఆపరేషన్‌లో ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు ఇచ్చి చూసి, ఇచ్చిన పిల్లల ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా ఉన్నాయని, ఆపరేషన్ తర్వాత చిక్కులు కూడా తక్కువని చూపించారు. ఆ తర్వాతే నమ్మకాలు మారాయి. అంతకుముందు ఆపరేషన్లు చేసినవాళ్ళు రాక్షసులేం కాదు, వాళ్ళకి అలా నేర్పారు, వాళ్ళు అలా చేశారు. కదలని బిడ్డకి నొప్పి లేదనుకునే అలవాటు ఆపరేషన్ థియేటర్లోంచి పోయింది కానీ వార్డులోంచి ఇంకా పూర్తిగా పోలేదని నాకనిపిస్తుంది.

సూదుల విషయానికొస్తాను, ఎందుకంటే పిల్లలకి జబ్బు కంటే సూదే పెద్ద భయం. క్యాన్సర్ పిల్లలకి అది ఒకసారితో అయిపోయేది కాదు, రక్తం తీయడం, నరంలో కాన్యులా గొట్టం పెట్టడం, వెన్నులో సూది, ఎముక మజ్జ పరీక్ష, మళ్ళీ మొదటికి. మొదటిసారి ఎలా జరిగిందన్న దాన్ని బట్టి తర్వాత అన్నీ ఉంటాయి. మొదటిసారి నలుగురు కాళ్ళూ చేతులూ నొక్కిపట్టి చేస్తే, ఇక ఆ తర్వాత నీలం బట్టలు కనపడితే చాలు పిల్ల వణికిపోతుంది, ఆ తర్వాత ఎంత మంచి మందు ఇచ్చినా పూర్తిగా పనిచేయదు. అందుకే మొదటిసారికే అన్నీ సరిగ్గా చేయండి. చర్మం మొద్దుబారే క్రీమ్, ఎమ్లా లాంటిది, కనీసం గంట ముందు రాసి పైన కప్పి ఉంచాలి, అప్పుడే పనిచేస్తుంది. రేపు పొద్దున రక్తం తీయాలని ముందు రోజే తెలిసినప్పుడు గంట ముందు రాయడానికి వచ్చే కష్టమేమిటో నాకెప్పటికీ అర్థం కాలేదు. కావాలంటే ట్యూబ్ మాకివ్వండి, టైము చెప్పండి, మేమే రాస్తాం. పసికందులైతే తల్లి పాలు తాగుతుండగా చేయొచ్చు, లేదా రెండు నిమిషాల ముందు నాలుక మీద చక్కెర ద్రావణం వేయొచ్చు. కాస్త పెద్దవాళ్ళని వెల్లకిలా పడుకోబెట్టి అదిమిపట్టే బదులు అమ్మ ఒళ్ళోనో నాన్న ఒళ్ళోనో నిటారుగా కూర్చోబెట్టి, చెయ్యి మాత్రం పట్టుకుంటే చాలాసార్లు పని సాఫీగా అయిపోతుంది.

నరం దొరక్కపోతే ఒకరే మళ్ళీ మళ్ళీ పొడవొద్దు. రెండుసార్లు చూసి, ఇంకొకరిని, చెయ్యి తిరిగిన వాళ్ళని పిలవాలని రూలు పెట్టుకోండి. పిల్లల మంచం మీద సూది పనులు చేయొద్దు, వేరే గది ఉంటే అక్కడ చేయండి, ఆ మంచం ఒక్కటైనా వాళ్ళకి భయం లేని చోటుగా ఉండనివ్వండి. దయచేసి "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అని చెప్పకండి. కాసేపట్లోనే అది అబద్ధమని పిల్లకి తెలిసిపోతుంది, ఆ తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా నమ్మదు. గుచ్చుకుంటుంది, కాసేపు నొప్పి పెడుతుంది, పది లెక్కపెట్టేలోపు తీసేస్తాను, నువ్వు గట్టిగా ఊదు అని చెప్తే ఏడేళ్ళ పిల్లలు కూడా తట్టుకుంటారు. మా పాప అలా చెప్పిన ఒక్క సిస్టర్‌ దగ్గరే చెయ్యి చాపేది, ఆమె సెలవులో ఉంటే ఆ రోజంతా గొడవే.

వెన్నులో సూదికి, మజ్జ పరీక్షకి మిడజోలామ్ ఒక్కటే ఇచ్చి చేసే చోట్లు ఇంకా ఉన్నాయి. మీకు నేను చెప్పాల్సింది కాదు కానీ చెప్తున్నాను, అది మగత తెప్పిస్తుంది, జరిగింది మర్చిపోయేలా చేస్తుంది, నొప్పిని మాత్రం తగ్గించదు. దానితోపాటు నొప్పికి వేరే మందు ఉండాలి, లేదా నొప్పిని కూడా తగ్గించే కెటమిన్ లాంటి మత్తుమందో పూర్తి మత్తో ఇవ్వాలి, పక్కన ఊపిరి కనిపెట్టుకుని ఉండే మనిషి ఉండాలి. తర్వాత గుర్తుండదు కదా అని ఇప్పటి నొప్పిని వదిలేయడం సరైన పనేనా?

తీవ్రమైన నొప్పికి ఇచ్చే బలమైన మందు మార్ఫిన్. ఆ పేరు అనగానే మా తల్లిదండ్రులకి గుండె జారిపోతుంది. అలవాటు పడిపోతుందేమో, ఊపిరి ఆగిపోతుందేమో, మార్ఫిన్ దాకా వచ్చిందంటే ఇక ఆశ లేదేమో అని. నిజం చెప్పాలంటే ఆ భయం మా దగ్గరే కాదు, మీలో కొంతమంది దగ్గర కూడా చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల కోసం ప్రచురించే అత్యవసర మందుల జాబితాలో మార్ఫిన్ ఉంది. పారాసెటమాల్‌తో ఆగని నొప్పికి మధ్యలో కోడీన్ అని ఒక మెట్టు ఉండేది, అది లివర్‌లో మార్ఫిన్‌గా మారితేనే పనిచేస్తుంది, కొందరిలో సరిగా మారదు, కొందరిలో మరీ వేగంగా మారి ప్రమాదమవుతుంది, అందుకే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో పన్నెండేళ్ళలోపు పిల్లలకి అది వద్దంది. ఐబుప్రోఫెన్ ఉందిగా అంటారు, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోయిన పిల్లకి రక్తస్రావం భయంతో అదీ ఇవ్వలేరు. అలాంటప్పుడు తక్కువ డోసులో మార్ఫిన్ మొదలుపెట్టి, చూసుకుంటూ పెంచడమే దారి. టైము ప్రకారం ఇవ్వాలి, నొప్పి తిరిగొచ్చేదాకా ఆగకుండా. మధ్యలో ఒక్కసారిగా నొప్పి ఎగిస్తే ఇవ్వడానికి అదనపు డోసు ముందే రాసి ఉంచాలి.

మొదలుపెట్టే రోజే మమ్మల్ని కూర్చోబెట్టి నాలుగు ముక్కలు చెప్పండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. నొప్పికోసం ఇచ్చిన మందుకి ఒళ్ళు అలవాటుపడటం వేరు, వ్యసనం వేరు, ఒళ్ళు అలవాటుపడితే ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గిస్తాం అని చెప్పండి. మలబద్ధకం తప్పదు, అందుకని దానికి మందు మొదటిరోజు నుంచే ఇవ్వండి, మూడు రోజులు కడుపు ఉబ్బాక ఇవ్వొద్దు. ఒళ్ళు దురద పెట్టొచ్చని, వాంతి రావొచ్చని చెప్పండి. మొదటి ఒకటి రెండు రోజులు పిల్ల ఎక్కువ నిద్రపోతే, చాలా రోజుల నిద్ర బాకీ కూడా అందులో ఉంటుందని, అయితే పిలిచినా కదిపినా లేవకపోతే, ఊపిరి మెల్లబడితే వెంటనే మిమ్మల్ని పిలవాలని, విరుగుడుగా నాలోక్సోన్ ఉందని చెప్పండి. పాపకి మార్ఫిన్ సరిగ్గా కుదిరిన రోజు తను గోడ వైపు నుంచి ఇటు తిరిగి, స్కెచ్ పెన్నులు అడిగింది. మందు మత్తులో పడేస్తుందని భయపడ్డాం కానీ ఆ మందుతోనే మా పిల్ల మాకు మళ్ళీ కనపడింది.

అన్ని నొప్పులకీ మార్ఫిన్ సరిపోదు. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు నరాల మీద పనిచేసి దవడ లాగేస్తుంది, అరికాళ్ళు మండుతాయి, పిల్లలు దాన్ని నొప్పి అని కూడా చెప్పరు, కాలు "కరెంటు కొడుతోంది" అంటారు. దానికి గబాపెంటిన్ లాంటి మందులు వేరే ఉన్నాయి. పిల్ల ఏ మాట వాడిందో ఆ మాటే షీట్‌లో రాయండి, మీ భాషలోకి మార్చకుండా. ఇక బొమ్మలు, కథలు, ఊపిరి ఆటలు, సబ్బు బుడగలు ఇవన్నీ నిజంగా పనిచేస్తాయి, నేను చూశాను. కానీ మందు పక్కన ఇవి ఉండాలి, మందు స్థానంలో కాదు. ఫోన్ చూపించండమ్మా, మర్చిపోతుంది అనే మాట సగం సందర్భాల్లో మందు రాయకుండా ఉండటానికే వాడుతున్నారు.

పాలియేటివ్ కేర్ టీమ్‌ని, అంటే నొప్పినీ బాధనీ తగ్గించడమే పనిగా ఉన్న టీమ్‌ని పిలుద్దామంటే మా పక్క బెడ్ తండ్రి కుప్పకూలిపోయాడు, ఇక చేతులెత్తేశారని అనుకున్నాడు. అది ఆయన తెలియనితనం అనను. టీమ్‌ని మీరు చివరి రోజుల్లోనే పిలుస్తుంటే వార్డులో అందరికీ అదే అర్థం తెలుస్తుంది. పిల్లల పాలియేటివ్ కేర్ జబ్బు తేలిన రోజునుంచే మొదలవ్వాలని, వైద్యంతోపాటే నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998 నుంచి చెబుతోంది. కీమో జరుగుతుండగానే, నయమయ్యే పిల్లలకి కూడా, నోటిపుళ్ళకి, నిద్రకి, భయానికి వాళ్ళని పిలిస్తే ఆ పేరు వింటే కలిగే భయం పోతుంది. నయం కాని పిల్లలుంటారు, వాళ్ళ అమ్మానాన్నల తరఫున కూడా రాస్తున్నాను, ఎందుకంటే వాళ్ళు ఇలాంటి ఉత్తరాలు రాసే స్థితిలో ఉండరు. ఆ పిల్లల్ని ఇంటికి పంపేటప్పుడు నోటితో ఇచ్చే మార్ఫిన్ చేతికివ్వండి, ఎంత, ఎప్పుడు, చాలకపోతే ఏం చేయాలి కాగితం మీద రాసివ్వండి, అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తే ఒక నంబరు ఇవ్వండి. ఇంక చేసేదేం లేదు అని మాత్రం అనకండి. జబ్బుకి చేసేదేం లేకపోవచ్చు, నొప్పికి చివరి గంట దాకా చేసేది ఉంటుంది.

తల్లిదండ్రుల్ని బయటికి పంపే అలవాటు గురించి కూడా చెప్పాలి. ఒకప్పుడు ఆస్పత్రుల్లో పిల్లల్ని చూడ్డానికి వారానికి కొన్ని గంటలే పంపేవారు, పిల్లలు ఏడుపు మానేస్తే అలవాటుపడ్డారని అనుకునేవారు. బ్రిటన్‌లో 1959లో ప్లాట్ కమిటీ, తల్లిదండ్రులు ఎప్పుడైనా రావొచ్చు, తల్లులు పిల్లల దగ్గరే ఉండే ఏర్పాటు చేయాలి అని నివేదిక ఇచ్చింది. ఇప్పుడు మమ్మల్ని ఉండనిస్తున్నారు, కానీ ఏదైనా చేసేటప్పుడు మాత్రం "మీరు బయట ఉండండమ్మా" అంటారు. ఉండలేని వాళ్ళని బలవంతం చేయొద్దు, ఉంటామన్న వాళ్ళని పంపొద్దు. తలుపు బయట నిలబడి లోపలి కేక వినడం కంటే లోపల చెయ్యి పట్టుకుని ఉండటమే మాకు నయం, పిల్లకీ నయం. ఇంకొకటి, ఏదో తేడాగా ఉందని మేమన్నప్పుడు కొట్టిపారేయకండి. ఇంగ్లండ్‌లో 2024 నుంచి మార్తాస్ రూల్ అని ఒకటి అమలు చేస్తున్నారు, బిడ్డ పరిస్థితి దిగజారుతోందని కుటుంబానికి అనిపిస్తే, చూస్తున్న డాక్టర్లని దాటి ఇంకో టీమ్‌ని పిలవమని వాళ్ళే అడగొచ్చు. మార్తా మిల్స్ అనే పదమూడేళ్ళ అమ్మాయి 2021లో పోయాక, ముందే ఐసీయూకి మార్చి ఉంటే బహుశా బతికేదని, తల్లిదండ్రుల ఆందోళనని పట్టించుకోలేదని తేలాక వచ్చిన రూల్ అది. మా దగ్గర అలాంటిది పెట్టడానికి ఇంకో పిల్ల పోయేదాకా ఆగనక్కర్లేదు.

యాజమాన్యాలకి ప్రత్యేకంగా ఒక మాట. పైన రాసినవాటిలో చాలా వాటిని మీరు సిస్టర్ల నెత్తిన వేసి చేతులు దులుపుకుంటారేమో అని నాకు భయంగా ఉంది. రాత్రిపూట ఒక్క సిస్టర్ వార్డు మొత్తం పరుగులు పెడుతూ చూసుకోవడం నేను కళ్ళారా చూశాను, ఆమెకి మంచినీళ్ళు తాగే తీరికుండదు. మార్ఫిన్ తాళం తీయాలంటే రెండు సంతకాలు కావాలి, రెండో సంతకం చేసే మనిషి రాత్రి పూట పై అంతస్తులో ఉంటారు, వాళ్ళు వాళ్ళ పని వదిలి రావాలి. జాగ్రత్త కోసం పెట్టిన ఆ నియమం సరైనదే, తీసేయమని అడగను. రెండో మనిషిని ఆ అంతస్తులోనే పెట్టండి. నొప్పి కొలవడం, మందు ఇవ్వడం, మళ్ళీ కొలవడం, వీటికి పట్టే టైముని లెక్కలో వేసి మనుషుల్ని పెట్టండి. అడిగిన తర్వాత పిల్ల నోట్లోకో నరంలోకో మందు వెళ్ళడానికి ఎంతసేపు పట్టిందో ప్రతి వార్డులో రాయించండి, ఆ అంకెని నెలనెలా మీటింగుల్లో ఇన్ఫెక్షన్ల లెక్క పక్కన పెట్టి చూడండి.

ఇది చదివినవాళ్ళు జవాబు రాయాలని కోరుతున్నాను. మంచి మాటలు, ధన్యవాదాలు నాకు వద్దు. మీ వార్డులో వీటిలో ఏవి ఇప్పటికే చేస్తున్నారు, ఏవి వచ్చే నెలలోపు చేయగలరు, ఏవి చేయలేరు, చేయలేకపోతే అడ్డం ఏమిటి, డబ్బా, మనుషులా, రూలా, ఇంకేమైనానా, అది రాయండి. అడ్డం ఏమిటో తెలిస్తే దాని గురించి మీతోపాటు నిలబడి అడగడానికి తల్లిదండ్రులం మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
పిల్లల వార్డులో ఉండి వచ్చిన ఒక అమ్మ